దానపత్రంలో ఆ ఒక్క షరతు రాయించండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖల మంత్రులకు, ఆ శాఖల ఇన్‌స్పెక్టర్ జనరళ్లకు

నమస్కారం.

మీ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో నిత్యం జరిగే ఒక పని గురించి ఈ లేఖ రాస్తున్నాను. అరవై దాటిన తల్లో తండ్రో వచ్చి తమ పేరిట ఉన్న ఇంటినో పొలాన్నో బిడ్డ పేరిట రాసి ఇస్తారు. దాన్ని దానపత్రమని కొందరు, దాన సెటిల్‌మెంటని కొందరు అంటారు. పేరు ఏదైనా సంతకం పడి, వేలిముద్ర పడి, ఫొటో తీసిన తరువాత ఆ ఆస్తి వారిది కాదు. ఆ కాగితంలో తమను పోషించాలన్న ఒక్క షరతు ఉంటే రేపు ఆ బిడ్డ అన్నం పెట్టకపోయినా, ఇంట్లోంచి పొమ్మన్నా చట్టం ఆ పెద్దవారి పక్కన గట్టిగా నిలబడుతుంది. షరతు లేకపోతే నిలబడవచ్చు, నిలబడకపోవచ్చు. ఈ సంగతి వారికి చెప్పేవారు ఆ కార్యాలయంలో ఎవరూ లేరు. చెప్పే ఏర్పాటు చేయమని అడగడానికే ఈ లేఖ.

నేను న్యాయవాదిని కాను. రెవెన్యూ శాఖలో చాలా కాలం పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు మా ఊరి పెద్దవాళ్లకు ఆర్డీవో గారి ట్రిబ్యునల్‌కు అర్జీలు రాసిపెడుతున్నాను. పిల్లలు చూడడం లేదని వచ్చేవారిలో ఎక్కువమంది ఆస్తి రాసిచ్చిన తరువాతే వస్తారు. రాసివ్వకముందు వచ్చి సలహా అడిగేవారు అరుదు. అందుకే నా విన్నపం ట్రిబ్యునళ్లను ఉద్దేశించినది కాదు. ఆస్తి చేతులు మారేది మీ కార్యాలయంలో కాబట్టి, మీతోనే మాట్లాడాలి.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అరవై ఏళ్లు నిండిన వారెవరైనా తమను పోషించని పిల్లల మీద ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. కోర్టు ఫీజుల భారం లేదు. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలని, తప్పనిసరైతే మరో 30 రోజులు తీసుకోవచ్చని చట్టంలోనే రాశారు. అప్పీలు జిల్లా కలెక్టర్ దగ్గరకు వెళుతుంది. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు పోషణ భత్యం ఇప్పించవచ్చు. ఆ పరిమితిని తీసేయాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. ఈ రోజుల్లో ఒక పెద్దావిడ మందుల ఖర్చు, మనిషిని పెట్టుకునే ఖర్చు కలిపితే 10,000 ఏ మూలకు వస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

అయితే ఈ చట్టంలో అసలైన బలం భత్యంలో లేదు, 23వ సెక్షన్‌లో ఉంది. వయోవృద్ధులు తమ ఆస్తిని దానంగానో మరో విధంగానో ఇచ్చినప్పుడు, పుచ్చుకున్నవారు తమ కనీస అవసరాలు, శారీరక అవసరాలు తీర్చాలనే షరతు మీద ఇచ్చి ఉంటే, పుచ్చుకున్నవారు ఆ మాట తప్పితే, ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టే చట్టం భావిస్తుంది. ఇచ్చినవారు కోరితే ట్రిబ్యునల్ దాన్ని చెల్లదని ప్రకటిస్తుంది. సివిల్ కోర్టు మెట్లెక్కి ఏళ్ల తరబడి తిరగాల్సిన పని లేదు. ఇంత మేలైన సెక్షన్‌ తలుపుకు తాళంచెవి ఆ ‘షరతు మీద’ అన్న మాటలో ఉంది. మన దస్తావేజుల్లో లేనిది అదే.

మన ఊళ్లలో దానపత్రం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ భాష తరాలుగా మారలేదు. “నీవు నా కుమారుడవైనందునను, నీయందు నాకు గల ప్రేమాభిమానముల చేతను, దిగువ షెడ్యూలు దాఖలు ఆస్తిని నీకు దానముగా ఇచ్చి ఈ దినమే నీ స్వాధీనము చేసినాను. ఇక మీదట నీవు పుత్రపౌత్ర పారంపర్యముగా దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించుకొనవలెను. ఇందు నాకు గాని నా ఇతర వారసులకు గాని ఎట్టి హక్కు లేదు. ఈ దస్తావేజును నేను ఎన్నటికిని రద్దు చేయజాలను.” పేర్లు, సరిహద్దులు, సర్వే నంబర్లు మారతాయి. మిగతాదంతా అచ్చు గుద్దినట్టు అదే. ఇచ్చినవారు ఏయే హక్కులు వదులుకున్నారో అందులో పూసగుచ్చినట్టు ఉంటుంది. పుచ్చుకున్నవారు చేయవలసినది ఒక్కటీ ఉండదు.

మొన్నామధ్య ఒక పెద్దావిడ తన దానపత్రం నకలును ప్లాస్టిక్ సంచిలో భద్రంగా చుట్టి తెచ్చారు. భర్త పోయాక తన పేరిట ఉన్న ఇంటిని కొడుక్కు రాసిచ్చారు. ఆమెకు చదువు రాదు. కాగితమంతా చదివి వినిపించమని అడిగారు. చదివాను. పూర్తయ్యాక, “నన్ను చూసుకుంటాడని ఎక్కడ రాసి ఉంది, ఆ ముక్క మళ్లీ చదవండి” అన్నారు. ఆ ముక్క అందులో లేదు. ఉందనే ఆమె ఇన్నాళ్లూ నమ్మారు. రిజిస్ట్రేషన్ రోజున వేలిముద్ర యంత్రం మీద పడలేదట. పొలం పనులు, ఇంటి పనులు చేసి చేసి అరిగిపోయిన వేళ్లు అవి. కొడుకే ఆమె వేలును తుడిచి, యంత్రం మీద పెట్టి, పడేదాకా నొక్కి పట్టుకున్నాడట. అధికారి “ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా అమ్మా” అని అడిగారు. “ఇష్టంగానే సార్” అని కొడుకు జవాబు చెప్పాడు. ఆమె తలూపారు. అంతటితో అయిపోయింది.

ఇందులో ఆ అధికారి చట్టం తప్పి చేసిందేమీ లేదు. రాసిచ్చినది ఆ మనిషేనా కాదా అని విచారించమని రిజిస్ట్రేషన్ చట్టం 34వ సెక్షన్ చెబుతుంది, ఆయన విచారించారు. బయట వంద మంది స్లాట్ల కోసం ఎదురుచూస్తుంటే ఆయన మాత్రం ఎంతసేపు మాట్లాడగలరు? నా ఫిర్యాదు ఆయన మీద కాదు. ఆయన చేతికి మీరు ఇచ్చిన పద్ధతిలోనే ‘చూసుకోవాలన్న షరతు రాయించుకున్నారా’ అన్న ప్రశ్న లేదు.

షరతు లేని దానపత్రం ట్రిబ్యునల్‌కు వెళితే ఏమవుతుందో సుప్రీంకోర్టు తీర్పుల్లో చూడవచ్చు. 2022 డిసెంబరులో వచ్చిన ఒక తీర్పులో కోర్టు సూటిగా చెప్పింది. 23వ సెక్షన్ వర్తించాలంటే పోషణ షరతు మీదనే ఆస్తి ఇచ్చినట్టు రుజువు కావాలి, పెద్దలు తమవారికి ఆస్తి ఇచ్చేటప్పుడు ప్రతిసారీ అలాంటి షరతు ఉంటుందని అనుకోలేం, ప్రతిఫలం కోరకుండా ప్రేమాభిమానాలతో ఇవ్వడం తరచుగా జరిగేదే అని అంది. ఆ తల్లి ఓడిపోయింది. దస్తావేజు లేఖరి అలవాటుగా రాసే ‘ప్రేమాభిమానముల చేత’ అన్న మాట ఇక్కడ తల్లికి ఎదురు తిరుగుతోంది చూడండి. ప్రేమతో ఇచ్చావు కాబట్టి షరతు పెట్టలేదన్నమాట అని వాదించడానికి ఎదుటివారికి అది ఆధారం అవుతోంది.

2025 జనవరి 2న మరో తీర్పు వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్‌కు చెందిన ఒక తల్లి 2019లో కొడుక్కు దానపత్రం రాసిచ్చారు. చూసుకోకపోతే ఆస్తి తిరిగి తీసుకోవచ్చని కొడుకు విడిగా ఒక హామీ పత్రం రాసిచ్చాడని ఆమె చెప్పారు, అది తాను రాసినది కాదని కొడుకు అన్నాడు. కింది అధికారులు దానపత్రాన్ని రద్దు చేశారు. అందులో షరతు లేదంటూ హైకోర్టు ధర్మాసనం కొడుకు పక్షాన నిలిచింది. చివరకు సుప్రీంకోర్టు ఆ తల్లికి న్యాయం చేసింది. వృద్ధుల మేలు కోసం తెచ్చిన చట్టాన్ని ఉదారంగా అర్థం చేసుకోవాలని, అవసరమైతే ట్రిబ్యునళ్లు ఆస్తిని ఖాళీ చేయించి తిరిగి అప్పగించవచ్చని చెప్పింది. అదే ఏడాది మార్చిలో మద్రాసు హైకోర్టు మరో అడుగు ముందుకు వేసి, ప్రేమాభిమానాలతో ఇచ్చామన్న మాటలోనే చూసుకోవాలన్న షరతు ఇమిడి ఉంటుందని, అది విడిగా రాసి ఉండకపోయినా ఫరవాలేదని అంది.

సంతోషమే. కానీ దీనర్థం ఏమిటి? ఒకే రకం కాగితానికి ఒక కోర్టులో ఒక ఫలితం, మరో కోర్టులో మరో ఫలితం. ట్రిబ్యునల్, కలెక్టర్, హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా నడిచే ఓపిక, ఆయుష్షు, డబ్బు ఎంతమంది తల్లిదండ్రులకు ఉంటాయి? ఛతర్‌పూర్ తల్లి దానపత్రంలోనే ఆ షరతు తేటగా ఉండి ఉంటే ఆమె ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చేదా? రాసేటప్పుడు కొన్ని వాక్యాలు చేరిస్తే తీరిపోయే తగువును మనం మూడు నాలుగు అంచెల న్యాయస్థానాల మీదకు నెడుతున్నాం.

ఆ షరతు కావాలంటే తల్లిదండ్రులే రాయించుకోవచ్చు కదా, ఎవరు వద్దన్నారు అని మీరు అడగవచ్చు. నేను ఇన్నాళ్లుగా చూస్తున్నది ఇదే, దయచేసి దీన్ని కాస్త నిదానంగా వినండి. వారు అడగలేరు. షరతు ఉంటుందని తెలిసినవారు కూడా అడగలేరు. కన్నకొడుకు పక్కన కూర్చుని ఉండగా, కోడలు బయట బెంచీ మీద కూర్చుని ఉండగా, లేఖరితో “వీడు నాకు అన్నం పెట్టకపోతే ఇల్లు వెనక్కి వచ్చేట్టు రాయండి” అని ఏ తల్లి నోరు తెరిచి అంటుంది? అంటే ఆ క్షణమే ఇంట్లో నమ్మకం చెడుతుంది. “అమ్మకు నా మీద నమ్మకం లేదు” అన్న మాట జీవితాంతం వినాల్సి వస్తుంది. చెడ్డ కొడుకు కంటే మంచి కొడుకు దగ్గరే ఆ మాట అనడం మరీ కష్టం. అందుకే మౌనంగా వేలిముద్ర వేస్తారు.

అదే ప్రశ్నను ప్రభుత్వం అడిగితే? ప్రతి ఒక్కరినీ, ప్రతిసారీ, అచ్చు వేసిన కాగితంలో అడిగితే? అప్పుడు ఏ తల్లీ ఏ బిడ్డనూ అనుమానించినట్టు కాదు. బస్సులో కండక్టర్ అందరినీ టికెట్ అడుగుతాడు, నన్ను దొంగను చేశావని ఎవరూ అతని మీద అలగరు. ఆ షరతు ప్రభుత్వ నమూనాలో ముందే ఉంటే, దాన్ని కొట్టివేయించాల్సిన ఇబ్బంది వద్దనుకున్నవారికి వస్తుంది. ఇప్పుడు కావాలనుకున్నవారికి ఉన్న ఇబ్బంది అటు మారుతుంది. నేను కోరుతున్న మార్పంతా ఇంతే, దీనికి కొత్త చట్టం అక్కరలేదు.

పత్రంలోని విషయంతో మాకు సంబంధం లేదు, మేం నమోదు మాత్రమే చేస్తాం అని మీ అధికారులు అంటారని తెలుసు. కొంతవరకు నిజమే. కానీ రాసిచ్చేవారు మతిస్థిమితం లేనివారుగా కనిపిస్తే రిజిస్ట్రేషన్ నిరాకరించమని అదే చట్టం 35వ సెక్షన్ చెబుతోంది. అంటే ఎదురుగా కూర్చున్న మనిషి తాను ఏం చేస్తున్నదీ గ్రహించే స్థితిలో ఉన్నారో లేదో చూడడం మీ అధికారి బాధ్యతల్లో ఇప్పటికే ఉంది. మతిమరుపు జబ్బు మొదలైన ఒక పెద్దాయన నవ్వుతూ, తలూపుతూ, అడిగినదానికల్లా అవునంటూ సంతకం పెట్టేస్తారు. పక్కన ఎవరూ లేకుండా “ఈ ఇల్లు ఎవరికి ఇస్తున్నారు? ఇచ్చాక మీరు ఎక్కడ ఉంటారు?” అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. పుచ్చుకునేవారిని, వారి తరఫు సాక్షులను ఐదు నిమిషాలు బయట కూర్చోబెట్టి, పెద్దవారితో ఒంటరిగా మాట్లాడి, పత్రంలోని ముఖ్యమైన మాటలు తెలుగులో చదివి వినిపించి, ఆ సంగతిని దస్తావేజు వెనుక ఎండార్స్‌మెంట్‌లో రాయాలి. మంచానపడినవారి దగ్గరకు, కారణం చూపితే అధికారి ఇంటికే వెళ్లి రిజిస్టర్ చేసే సదుపాయం చట్టంలో ఉంది. అక్కడ ఈ ఐదు నిమిషాలు మరీ అవసరం. ఎందుకంటే ఆ గదిలో పెద్దవారి తరఫున మాట్లాడేవారు ఎవరూ ఉండరు.

సమయం లేదంటారేమో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే రిజిస్ట్రేషన్లను కంప్యూటర్లకు ఎక్కించిన శాఖ మీది. దేశంలో చాలా రాష్ట్రాలు చేతిరాత నకళ్ల మీదే ఆధారపడిన రోజులవి. అంత పెద్ద మార్పును మోసిన శాఖకు, అరవై దాటినవారు దాతలుగా ఉన్న పత్రాలకు స్లాటులో ఐదు నిమిషాలు ఎక్కువ కేటాయించడం కష్టమని నేను నమ్మను. వయసు ఆధార్ వివరాల్లోనే ఉంటుంది, ఎవరి పత్రానికి ఈ పద్ధతి వర్తిస్తుందో కంప్యూటరే చెబుతుంది.

తెలంగాణలో వ్యవసాయ భూముల సంగతి విడిగా చెప్పాలి. 2020లో ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చినప్పటి నుంచి వాటిని తహసీల్దార్లే రిజిస్టర్ చేస్తున్నారు, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చాక కూడా అదే కొనసాగుతోంది. రిజిస్ట్రేషన్, పట్టా మార్పిడి అక్కడికక్కడే ముగుస్తాయి. ఈ వేగం మంచిదే, లంచాలు తగ్గాలంటే కావలసినదే. కానీ పెద్దాయన ఇంటికి చేరేలోపే ఆయన పాసుపుస్తకం ఖాళీ అవుతుంది. ఆ తరువాత రైతుకు వచ్చే పెట్టుబడి సాయం కూడా కొత్త పట్టాదారు ఖాతాలోకే వెళుతుంది. రైతు చనిపోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే రైతుబీమా 59 ఏళ్ల వరకే కాబట్టి, భూమి కొడుకు పేరిట ఉంటే ఇంటికి మంచిదని నచ్చజెప్పి పట్టా మార్పించుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఆ ఆలోచనలో తప్పు లేదు. తండ్రి బువ్వకు హామీ మాత్రం ఆ కాగితంలో ఉండాలి. కాబట్టి ఈ పద్ధతి సబ్ రిజిస్ట్రార్లతో పాటు తహసీల్దార్లకూ వర్తించాలి.

అసలు బతికుండగానే ఎందుకు రాసిస్తున్నారు, వీలునామా రాసుకోవచ్చు కదా అని చదివేవారికి అనిపించవచ్చు. నిజానికి చాలామందికి అదే సరైన దారి. వీలునామాకు స్టాంపు సుంకం లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తే చాలు. బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆస్తి చివరిదాకా రాసినవారి చేతిలోనే ఉంటుంది. సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర భద్రపరచుకునే సదుపాయం కూడా ఉంది. మీ శాఖలోనే ఉన్న ఆ సదుపాయం గురించి మా ఊళ్లో చదువుకున్నవారికే తెలియదు. బతికున్నంతకాలం ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు తమకు ఉంచుకుని, తదనంతరం బిడ్డకు చెందేట్టు సెటిల్‌మెంటు రాసే పద్ధతి కూడా ఉంది. పాత లేఖరులు దాన్ని చక్కగా రాసేవారు.

అయినా దానపత్రానికే మొగ్గు చూపడానికి కారణాలు ఇంట్లోనే ఉంటాయి. వీలునామా అయితే రేపు మార్చేస్తారేమోనని కొడుక్కు భయం. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో చదువుకు బ్యాంకు అప్పు కావాలి, ఆస్తి తన పేరిట ఉంటే సులువని మనవడి తరఫున ఒత్తిడి. ఇంకొక కారణం ఉంది, దాన్ని పైకి ఎవరూ అనరు. 1986లో ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గాని రాలేదు. ఆడపిల్లలు వాటా అడుగుతారేమోనని, తండ్రి ఉండగానే స్వార్జితమంతా కొడుకుల పేరిట రాయించుకునే తొందర అప్పటి నుంచీ నడుస్తోంది. ఆ తరువాత ఆ తండ్రిని ఆస్పత్రికి తీసుకువెళ్లేది, ఆ తల్లిని తన ఇంట్లో ఉంచుకునేది చాలా ఇళ్లలో ఏ వాటా దక్కని ఆ కూతురే. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం.

ఈ కారణాలను మీరు మార్చలేరు, మార్చమని నేను అడగడం లేదు. కారణం ఏదైనా కాగితం మీ బల్ల మీదకే వస్తుంది.

షరతు ఉన్న ఆస్తిని బ్యాంకు తాకట్టు పెట్టుకోదు, కొనేవాడు వెనుకాడతాడు అని కొందరు అభ్యంతరం చెబుతారు. అవును, వెనుకాడాలి. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ బతుకుతోందని, ఆమె పోషణ ఆ ఆస్తికి ముడిపడి ఉందని కొనేవాడికి తెలియాలి. తెలిసి కొన్నవారి మీద, ఉచితంగా పుచ్చుకున్నవారి మీద కూడా పోషణ హక్కు చెల్లుతుందని అదే 23వ సెక్షన్ రెండో భాగం చెబుతుంది. తెలిసే మార్గం దస్తావేజూ, ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీయే. వాటిలో షరతు లేకపోతే కొన్నవాడు “నాకేం తెలుసు” అంటాడు, ఆ మాటా నిజమే. తాకట్టుకు నిజంగా అవసరమైతే పెద్దవారు ఆ సంగతి తెలిసి, ఆలోచించుకుని, షరతు వద్దని తమ నోటితో అధికారికి చెప్పి కొట్టివేయించుకోవచ్చు. వారి ఆస్తి, వారి ఇష్టం. తెలిసి వదులుకోవడానికి నేను అడ్డు చెప్పను.

పిల్లలందరినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. తల్లిదండ్రులను కంటికి రెప్పలా చూసుకునే బిడ్డలే మన దగ్గర ఎక్కువ, వారికి ఈ షరతు ఏ రోజూ అడ్డు రాదు. ఈ చట్టాన్ని కొందరు పెద్దలు కోడళ్ల మీద ఆయుధంగా వాడడమూ చూశాను. కొడుకూ కోడలూ విడిపోయే తగువులో, కోడలిని ఇంట్లోంచి పంపడానికి అత్తమామల చేత అర్జీ పెట్టిస్తారు. గృహహింస చట్టం కింద ఆమెకు ఉన్న నివాస హక్కును ఈ చట్టం పేరు చెప్పి తోసిపుచ్చరాదని, రెండు చట్టాలనూ కలిపి చదవాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. అది సరైన మాట. నేను ప్రతిపాదిస్తున్న షరతు ఎవరినీ వెళ్లగొట్టేది కాదు, ఇచ్చిన మాటను కాగితం మీద పెట్టేది మాత్రమే.

ఇక ట్రిబ్యునల్ తీర్పు వచ్చాక జరిగే సంగతి. దానపత్రం చెల్లదని ఆర్డీవో గారు ఉత్తర్వు ఇస్తారు. ఆ ఉత్తర్వు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి చేరి, రికార్డుల్లోకి ఎక్కి, ఈసీలో కనిపించాలి. అది దానంతట అది జరగదు. ఉత్తర్వు నకలు పట్టుకుని డెబ్బై ఎనభై ఏళ్ల మనిషి ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి తిరుగుతారు. ఈలోపు ఈసీలో కొడుకే యజమానిగా కనిపిస్తాడు. ఆ సందులో ఇల్లు అమ్ముడుపోతే తగువు మళ్లీ మొదటికి వస్తుంది. అర్జీ దాఖలైన రోజునే ట్రిబ్యునల్ నుంచి మీకు సమాచారం రావాలి, ఆ ఆస్తి మీద అర్జీ పెండింగులో ఉన్నట్టు ఈసీలో ఒక గమనిక ఉండాలి, తుది ఉత్తర్వును కార్యాలయాలే ఒకదానికొకటి పంపుకోవాలి. రెవెన్యూ, రిజిస్ట్రేషన్ రెండు శాఖలూ ప్రభుత్వానివే, రెండింటిలోనూ కంప్యూటర్లు ఉన్నాయి. మధ్యలో ఆ పెద్దమనిషి కాళ్లు ఎందుకు అరగాలి?

ఇప్పటికే షరతు లేకుండా రాసిచ్చేసినవారి కోసం మీరు చేయగలిగినది తక్కువే, కానీ ఒకటి ఉంది. రిజిస్టరైన దానపత్రాన్ని ఇచ్చినవారు ఒక్కరే వచ్చి, రద్దు దస్తావేజు రాసి వెనక్కి తీసుకోవడం కుదరదు. ఇది తెలియక మీ కార్యాలయాలకు వచ్చి, ఎవరో ఒకరికి డబ్బు ఇచ్చి మోసపోయేవారు ఉన్నారు. “మీరు వెళ్లాల్సింది ఆర్డీవో ట్రిబ్యునల్‌కు, సలహాకు 14567కు ఫోను చేయండి” అని ప్రతి కార్యాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించండి. ఆ నంబరు కేంద్ర ప్రభుత్వం నడిపే వృద్ధుల సహాయ కేంద్రానిది, ఫోను చేయడానికి ఖర్చు లేదు. వీలునామాను సీలు కవరులో భద్రపరచుకోవచ్చన్న సంగతీ ఆ పక్కనే రాయించండి.

నమూనా షరతును నాకు తెలిసినంతలో కింద రాస్తున్నాను. పాత దస్తావేజు భాషలో కాకుండా, చదివితే ఆ పెద్దావిడకు అర్థమయ్యే భాషలో రాశాను.

“దాత జీవించి ఉన్నంతకాలం వారికి తిండి, బట్ట, వైద్యం, నివాసం సమకూర్చే బాధ్యత గ్రహీతది. ఈ షరతు మీదనే ఈ ఆస్తిని దాత ఇస్తున్నారు, గ్రహీత పుచ్చుకుంటున్నారు. దాత తాము బతికినంతకాలం ఈ ఇంట్లోనే ఉండవచ్చు, వారిని ఖాళీ చేయమనే హక్కు గ్రహీతకు గాని, గ్రహీత నుంచి ఈ ఆస్తిని పొందినవారికి గాని లేదు. గ్రహీత ఈ షరతును పాటించకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఈ బదిలీ చెల్లదని ప్రకటించమని దాత కోరవచ్చు. ఈ షరతును అధికారి నాకు ఒంటరిగా చదివి వినిపించారు. ఇది ఉండాలని / వద్దని నేను చెప్పాను.”

చివరి వాక్యంలో ‘ఉండాలని’, ‘వద్దని’ అన్న రెండింటిలో ఒకదాన్ని దాతే కొట్టివేసి, పక్కన సంతకమో వేలిముద్రో వేయాలి. వ్యవసాయ భూమి అయితే ‘ఇంట్లోనే ఉండవచ్చు’ అన్న చోట ఏటా ఇవ్వాల్సిన గింజలు ఎన్నో, కౌలులో భాగం ఎంతో రాసుకునే ఖాళీ ఉండాలి. మీ రెండు శాఖల వెబ్‌సైట్లలో ఉన్న నమూనా దస్తావేజుల్లో దీన్ని చేర్చడానికి, సబ్ రిజిస్ట్రార్లకు, తహసీల్దార్లకు ఒక సర్క్యులర్ పంపడానికి శాసనసభ అనుమతి అవసరం ఉండదని నా అనుభవం చెబుతోంది. మాటల్లో లోపాలుంటే మీ న్యాయ విభాగం సరిదిద్దవచ్చు, నాకు పట్టింపు లేదు. చేర్చకూడదనడానికి ఏదైనా కారణం ఉంటే దాన్ని కూడా బహిరంగంగానే చెప్పండి. మా ట్రిబ్యునల్ వరండాలో కూర్చునేవారికి నేను అది చదివి వినిపిస్తాను.

ఇట్లు
పదవీ విరమణ చేసిన ఒక రెవెన్యూ ఉద్యోగి